స్టాన్లీలో ఉండిపోయిన హైదరాబాదీ: కెప్టెన్ మతీన్ అన్సారీని ఎందుకు మరిచిపోయాం?

1943 అక్టోబరు 21న సింగపూర్‌లో సుభాష్ చంద్రబోస్ ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని ప్రకటించారు. ఎనిమిది రోజుల తర్వాత, అక్టోబరు 29న, హాంకాంగ్ దీవికి దక్షిణ కొసన ఉన్న స్టాన్లీ సముద్రతీరంలో జపాన్ సైన్యం ముప్పై మందికి పైగా ఖైదీలను చంపేసింది. బ్రిటిష్ వాళ్లు, చైనీయులు, భారతీయులు అందులో ఉన్నారు. వాళ్లలో ఒకరు కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీ. సొంతూరు హైదరాబాద్. బ్రిటిష్ ఇండియా సైన్యంలో 7వ రాజ్‌పుత్ రెజిమెంట్ ఐదో బెటాలియన్ అధికారి. అప్పటికి ఇంకా ముప్పై ఏళ్లు నిండలేదు.

మొదటి సంఘటన బడి పిల్లలకు కూడా తెలుసు. రెండోది హైదరాబాద్‌లోనే చాలామందికి తెలియదు. అన్సారీ మామూలు సైనికుడిగా చనిపోయి రికార్డుల్లో కలిసిపోయిన మనిషి కాదు. బ్రిటిష్ సామ్రాజ్యంలో అత్యున్నత శౌర్య పతకాల్లో ఒకటైన జార్జ్ క్రాస్ మరణానంతరం ఆయనకు వచ్చింది. అయినా సొంత ఊళ్లో ఆయన పేరు నిలవలేదు. యుద్ధఖైదీగా చనిపోయినవాళ్లను ఒక సమాజం ఎలా గుర్తుపెట్టుకుంటుందో, ఎప్పుడు వదిలేస్తుందో అర్థం కావాలంటే ఈ ఒక్క జీవితాన్ని దగ్గరగా చూస్తే చాలు.

జపాన్ 1941 డిసెంబరు 8న హాంకాంగ్ మీద దాడి మొదలుపెట్టింది. అక్కడి రక్షణ దళంలో రెండు భారతీయ పదాతి బెటాలియన్లు ఉండేవి. ఒకటి అన్సారీ పనిచేసిన 5/7 రాజ్‌పుత్, రెండోది 2/14 పంజాబ్. ఇవి కాక హాంకాంగ్, సింగపూర్ ఫిరంగి దళంలోనూ భారతీయులే ఎక్కువ. కౌలూన్ వైపు ప్రధాన భూభాగాన్ని వదులుకోవాల్సి వచ్చినప్పుడు, మిగతా దళాలన్నీ దీవికి చేరేదాకా వెనక నిలబడి శత్రువును ఆపింది రాజ్‌పుత్‌లే. అందరికంటే చివర దాటింది కూడా వాళ్లే. దీవి ఈశాన్య తీరాన్ని కాపలా కాసే పని మళ్లీ వాళ్లకే అప్పగించారు. డిసెంబరు 18 రాత్రి జపాన్ సేనలు పడవల మీద వచ్చి దిగింది సరిగ్గా ఆ తీరం మీదే. ఆ బెటాలియన్‌లోని బ్రిటిష్ అధికారులందరూ, సీనియర్ భారతీయ అధికారుల్లో ఎక్కువమంది చనిపోవడమో గాయపడడమో జరిగిందని హాంకాంగ్ సేనాధిపతి మేజర్ జనరల్ మాల్ట్‌బీ తన నివేదికలో రాశారు. క్రిస్మస్ రోజున హాంకాంగ్ లొంగిపోయింది.

బందీలను జాతుల వారీగా విడగొట్టారు. బ్రిటిష్ సైనికులను షామ్ షుయ్ పో శిబిరంలో పెట్టారు. కెనడా వాళ్లను నార్త్ పాయింట్‌లో ఉంచారు. భారతీయులను కౌలూన్‌లోని మా టౌ చుంగ్‌లో ఉంచారు. అధికారుల్లో ఎక్కువమందిని కొంతకాలానికి ఆర్గైల్ స్ట్రీట్ శిబిరానికి మార్చారు. ఈ విభజన వెనక లెక్క ఉంది. భారతీయ సైనికులను బ్రిటిష్ వాళ్లకు దూరం చేసి తమ వైపు తిప్పుకోవాలని జపాన్ చూసింది. కొందరు భారతీయులను శిబిరాలకు కాపలాదారులుగా కూడా పెట్టింది.

అన్సారీ మీద వాళ్ల కన్ను ప్రత్యేకంగా పడింది. భారతదేశంలోని పెద్ద సంస్థానాల్లో ఒకదాని పాలకుడికి, అంటే హైదరాబాద్ నిజాముకు, ఆయన దగ్గరి బంధువని జపాన్ అధికారులకు తెలిసింది. అలాంటి మనిషి ఒక్క మాట చెబితే సిపాయిలు కదులుతారని వాళ్లు అనుకున్నారు. బ్రిటిష్ వాళ్లకు విధేయత వదులుకోవాలని, భారతీయ ఖైదీల్లో అసంతృప్తి రేపాలని అడిగారు. ఆయన ఒప్పుకోలేదు. 1942 మేలో స్టాన్లీ జైల్లో వేశారు. తిండి పెట్టకుండా మాడ్చారు, కొట్టారు. తిరిగి శిబిరానికి పంపాక కూడా ఆయన మాట మారలేదు. మళ్లీ జైల్లో వేశారు. ఈసారి ఐదు నెలలు ఆకలి, చిత్రహింసలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. రెండోసారి జైలు నుంచి బతికి బయటికి వచ్చిన మనిషి ఇక చాలు అనుకుని ఒక మూల కూర్చుంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. అన్సారీ అదే శిబిరానికి తిరిగొచ్చి, ఇతర ఖైదీలు తప్పించుకోవడానికి ఏర్పాట్లు చేయడంలో సాయపడ్డారు. పతకం ప్రశంసాపత్రంలో ఇది చాలా చిన్న వాక్యం. నిజానికి ఆయన జీవితంలో అన్నిటికంటే బరువైన వాక్యం అదే. జైలు అంటే ఏమిటో తెలియక చేసిన సాహసం కాదు అది. అన్నీ ఒంటితో తెలుసుకున్నాక చేసింది.

అప్పట్లో హాంకాంగ్ శిబిరాల నుంచి బయటికి రహస్య సమాచారం వెళ్తూ ఉండేది. దక్షిణ చైనాలో కర్నల్ లిండ్సే రైడ్ నడిపిన బ్రిటిష్ ఆర్మీ ఎయిడ్ గ్రూప్ అనే సంస్థకు చైనీస్ ఏజెంట్లు కబుర్లు చేరవేసేవారు. శిబిరాలకు సరుకులు తెచ్చే లారీల వాళ్ల ద్వారా చిన్న చిన్న చీటీలు లోపలికి, బయటికి వెళ్లేవి. మందులు, యుద్ధ వార్తలు, పారిపోయే పథకాలు అన్నీ ఈ దారినే నడిచాయి. 1943 మధ్యలో జపాన్ మిలిటరీ పోలీసులు ఈ వలను పట్టేశారు. వరసగా అరెస్టులు జరిగాయి. అక్టోబరు 29న స్టాన్లీ జైలు నుంచి ఒక వ్యానులో ఖైదీలను బీచ్‌కు తీసుకెళ్లారు. జైలు పక్కనే పౌరుల నిర్బంధ శిబిరం ఉండేది. అక్కడున్న వాళ్లు ఆ వ్యాను వెళ్లడం చూశారు. తమతో పాటే అదే శిబిరంలో ఉన్న మనుషులు అందులో ఉన్నారు. ఆ రోజు తలలు నరికి చంపిన వాళ్లలో హాంకాంగ్ ప్రభుత్వ అధికారి జాన్ ఫ్రేజర్ కూడా ఉన్నారు. తర్వాత డిసెంబరు 18న కర్నల్ న్యూన్‌హామ్, కెప్టెన్ డగ్లస్ ఫోర్డ్, ఫ్లైట్ లెఫ్టినెంట్ హెక్టర్ గ్రేలను కాల్చి చంపారు. ఎంత హింసించినా వాళ్లు ఎవరి పేరూ చెప్పలేదు. ఆ ముగ్గురికీ, ఫ్రేజర్‌కూ, అన్సారీకీ జార్జ్ క్రాస్ వచ్చింది.

విక్టోరియా క్రాస్ ఎందుకు రాలేదని ఎవరికైనా అనిపించవచ్చు. ఆ పతకం యుద్ధరంగంలో శత్రువుకు ఎదురుగా నిలిచి చూపిన తెగువకు ఇస్తారు. జార్జ్ క్రాస్‌ను 1940 సెప్టెంబరులో ప్రారంభించారు. ఎదురెదురు పోరు కాని పరిస్థితుల్లో చూపిన శౌర్యానికి అది. స్థాయిలో రెండూ సమానమే. జైలు గదిలో శత్రువు నిజానికి యుద్ధరంగంలో కంటే దగ్గరగానే ఉంటాడు, కాకపోతే ఖైదీ చేతిలో ఆయుధం ఉండదు. ఆ తేడాను సైనిక గౌరవాల పద్ధతి ఇలా పట్టుకుంది.

యుద్ధఖైదీ మరణానికీ యుద్ధభూమిలో మరణానికీ ఇంకో పెద్ద తేడా సాక్ష్యం దగ్గర వస్తుంది. పోరులో పడిన సైనికుడి పక్కన తోటి సిపాయి ఉంటాడు, కమాండర్ ఉంటాడు, ఆ రోజు డైరీలో రెండు ముక్కలైనా రాస్తారు. ఖైదులో చనిపోయినవాడి కథ బయటికి రావాలంటే మరో ఖైదీ బతకాలి. ఖైదీల పట్ల ఎలా ప్రవర్తించాలో చెప్పే 1929 జెనీవా ఒప్పందంలో, ఖైదులో చనిపోయినవారిని గౌరవంగా ఖననం చేయాలని, సమాధులకు గుర్తులు పెట్టాలని స్పష్టంగా ఉంది. జపాన్ ఆ ఒప్పందం మీద సంతకం పెట్టింది గానీ ఆమోదించలేదు. 1942లో తగిన మార్పులతో పాటిస్తామని చెప్పింది. ఆచరణ వేరు. యుద్ధం తర్వాత జపాన్ నేతల యుద్ధనేరాలను విచారించిన టోక్యో ట్రిబ్యునల్ లెక్క ప్రకారం జపాన్ చేతికి చిక్కిన అమెరికా, బ్రిటిష్ కామన్వెల్త్ యుద్ధఖైదీల్లో 27 శాతం మంది ఖైదులోనే చనిపోయారు. జర్మనీ, ఇటలీ చేతుల్లో పడిన వాళ్లలో ఇది 4 శాతం.

అన్సారీ విషయంలో సాక్షులు మిగిలారు. అందుకే పతకం వచ్చింది. న్యూగినీకి తరలించిన భారతీయ ఖైదీలకు ఆ భాగ్యం కూడా దక్కలేదు. సింగపూర్ లొంగిపోయాక 1942 ఫిబ్రవరి 17న ఫారర్ పార్క్ మైదానంలో సుమారు 45 వేల మంది భారతీయ సైనికులను జపాన్‌కు అప్పగించారు. వాళ్లలో వేల మంది ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు, వేల మంది చేరలేదు. చేరనివాళ్లలో చాలామందిని ఓడల అడుగు గదుల్లో కుక్కి పసిఫిక్ దీవులకు కూలి పనికి పంపారు. ఫ్రాంటియర్ ఫోర్స్ రెజిమెంట్‌కు చెందిన చింత్ సింగ్‌తో పాటు న్యూగినీ ఉత్తర తీరంలోని వీవాక్‌కు వెళ్లింది సుమారు మూడు వేల మంది. 1945 సెప్టెంబరు చివరలో అంగోరం అనే చోట ఆస్ట్రేలియా సైన్యం చేతికి ప్రాణాలతో అందింది 11 మంది. స్వదేశానికి తిరిగి వచ్చే దారిలో విమానం కూలి వాళ్లలో పదిమంది చనిపోయారు. యుద్ధనేరాల విచారణలో సాక్ష్యం చెప్పడానికి ఆగిపోయిన చింత్ సింగ్ ఒక్కరే మిగిలారు. మూడు వేల మంది ఎలా చనిపోయారో చెప్పడానికి ఒకే ఒక్క గొంతు. ఆ విచారణల్లో నిందితుల వాదన ఏమిటంటే, ఈ భారతీయులు అసలు యుద్ధఖైదీలే కారని, జపాన్ సైన్యంలో చేరిన వాళ్లని! చేరము అన్నందుకు చచ్చేదాకా చాకిరీ చేయించి, చచ్చాక చేరినవాళ్లే అనడం కంటే పెద్ద అన్యాయం ఊహించడం కష్టం.

మళ్లీ అన్సారీ దగ్గరికి వస్తే, జార్జ్ క్రాస్ ప్రకటన వచ్చిన సమయం చూడాలి. 1946 ఏప్రిల్. అంతకు ముందు నవంబరులో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షానవాజ్ ఖాన్, ప్రేమ్ సెహగల్, గుర్‌బక్ష్ సింగ్ థిల్లాన్‌ల మీద విచారణ మొదలైంది. ఊరూరా సభలు, హర్తాళ్లు జరిగాయి. జనవరిలో వాళ్లు విడుదలయ్యారు. ఫిబ్రవరిలో బొంబాయిలో నావికుల తిరుగుబాటు. దేశం మొత్తం ఆజాద్ హింద్ ఫౌజ్ పేరుతో ఊగిపోతున్న ఆ నెలల్లో, బ్రిటిష్ వాళ్లకు విధేయంగా ఉండి ప్రాణమిచ్చిన అధికారికి బ్రిటిష్ రాజు పేరు మీద పతకం వచ్చిందంటే ఎవరు పండగ చేసుకుంటారు? హైదరాబాద్‌లో పరిస్థితి మరీ వేరు. తెలంగాణ సాయుధ పోరాటం అదే ఏడాది రాజుకుంది. ఆ తర్వాత రజాకార్లు, 1948 సెప్టెంబరులో పోలీసు చర్య. నిజాం బంధువనే గుర్తింపు ఆ రోజుల్లో ఎవరికీ గర్వంగా చెప్పుకునే విషయం కాదు. అన్సారీని జపాన్ వాళ్లు హింసించడానికి కారణమైన బంధుత్వమే, ఆ తర్వాత ఆయన్ని ఇంటివాళ్లు కానివారు పట్టించుకోకపోవడానికీ కారణమైందని అనుకోవడానికి బలమైన ఆధారం ఈ కాలక్రమమే.

ఇదే నగరం నుంచి అవతలి వైపున నిలబడిన మనిషి అబిద్ హసన్ సఫ్రానీ. జర్మనీలో ఇంజనీరింగ్ చదువుతుండగా బోస్ వెంట నడిచారు. 1943 ఫిబ్రవరిలో జర్మనీ నుంచి బయల్దేరిన జలాంతర్గామిలో బోస్‌తో పాటు ప్రయాణించిన భారతీయుడు ఆయనొక్కరే. మే నెలలో సుమత్రా తీరం చేరారు. ‘జైహింద్’ నినాదాన్ని ఆయనే ఇచ్చారని చెబుతారు. స్వాతంత్ర్యం తర్వాత రాయబారిగా పనిచేసి, చివరికి హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. ఒకే నగరం, ఒకే తరం. ఒకరు సామ్రాజ్యాన్ని కూల్చడానికి జపాన్ సాయం తీసుకున్న నాయకుడి పక్కన నడిచారు, మరొకరు జపాన్ చెప్పినట్టు నడవనందుకు చనిపోయారు. వీళ్లలో ఎవరు దేశభక్తుడు, ఎవరు కాదు అని తేల్చే పోటీ పెట్టడం తప్పు. అబిద్ హసన్ ముందున్న జపాన్, బోస్‌ను సమానుడిగా పిలిచిన జపాన్. అన్సారీ ముందున్న జపాన్, జైలు గదిలో తిండి ఆపి సంతకం అడిగిన జపాన్. కత్తి మెడ మీద పెట్టి అడిగిన విధేయతను నిరాకరించడానికి, సామ్రాజ్యం మీద ప్రేమ ఒక్కటే కారణం కానక్కర్లేదు. తన కింద ఉన్న సిపాయిలను మాయమాటలతో మళ్లించే పని చేయనన్న పంతం కావచ్చు, ఇచ్చిన మాట కావచ్చు, పక్క ఖైదీ ప్రాణం కావచ్చు. ఆయన చివరి పని, అంటే ఇతరులు పారిపోవడానికి సాయపడడం, ఆ దిక్కే చూపిస్తోంది.

స్వతంత్ర భారతంలో ఖైదులో చనిపోయిన సైనికుల స్మృతికి ఈ చిక్కు లేదు. 1999 మేలో కార్గిల్ ప్రాంతంలో గస్తీకి వెళ్లి పట్టుబడిన కెప్టెన్ సౌరభ్ కాలియా, ఆయనతో ఉన్న ఐదుగురు జవాన్ల మృతదేహాలు జూన్‌లో చేతికొచ్చినప్పుడు దేశమంతా ఒక్కటై దుఃఖించింది. ఎవరి సైన్యం, ఎవరి కోసం అనే సందేహం ఎవరికీ రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సుమారు 87 వేల మంది భారతీయ సైనికులకు ఆ సౌకర్యం లేదు. ఢిల్లీలో ఇండియా గేట్ మీద ఉన్నవి మొదటి ప్రపంచ యుద్ధం, ఆ వెంటనే వచ్చిన అఫ్గాన్ యుద్ధం నాటి పేర్లు. 2019 ఫిబ్రవరిలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం గోడల మీద ఉన్నవి స్వాతంత్ర్యం తర్వాత అమరులైన వాళ్ల పేర్లు. ఈ రెంటి మధ్యలో పడిపోయిన తరం అన్సారీది. 2022 నుంచి ఇండియా గేట్ దగ్గరి మండపంలో నేతాజీ విగ్రహం ఉంది, ఉండాల్సిందే. ఆయన పిలుపును కాదని ఖైదులో చనిపోయిన సిపాయిల పేర్లు కూడా ఆ దరిదాపుల్లో జనం చదివేలా ఎక్కడో ఒకచోట ఉండాల్సింది.

అన్సారీ సమాధి స్టాన్లీ సైనిక శ్మశానవాటికలో ఉంది. పందొమ్మిదో శతాబ్దపు పాత శ్మశానం అది. దశాబ్దాల పాటు వాడుకలో లేకపోతే, 1942లో పక్కనే నిర్బంధంలో ఉన్న పౌరులు తమవాళ్లను పూడ్చుకోవడానికి మళ్లీ తెరిచారు. గ్రానైట్ రాళ్లు ఏరి, ఉన్న పనిముట్లతో పేర్లు చెక్కి, వాళ్లే సమాధిరాళ్లు నిలబెట్టారు. దాన్ని ఇప్పుడు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ చూసుకుంటోంది. ఆయన దేహాన్ని హైదరాబాద్‌కు ఎందుకు తేలేదనే ప్రశ్నకు జవాబు ఆ కమిషన్ నియమంలోనే ఉంది. 1917లో ఏర్పడినప్పటి నుంచి దాని పద్ధతి ఒకటే: ఎవరినీ స్వదేశానికి తరలించరు, పడిన చోటే ఉంచుతారు. హోదా, జాతి, మతం చూడకుండా ప్రతి ఒక్కరి పేరూ రాయాలన్నది రెండో నియమం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికా, పశ్చిమాసియాల్లో చనిపోయిన భారతీయ, ఆఫ్రికన్ సైనికుల విషయంలో ఈ నియమాన్ని పాటించలేదని ఆ సంస్థే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. హాంకాంగ్‌లోని సాయ్ వాన్ స్మారకం మీద మాత్రం సమాధి దొరకని రెండు వేల మందికి పైగా పేర్లు రెజిమెంట్ల వారీగా చెక్కి ఉన్నాయి. మతాచారం ప్రకారం దహనం చేసిన 140 మందికి పైగా సైనికులకు అక్కడే వేరే స్మారకం ఉంది.

పేరు రాసే వ్యవస్థ ఉన్నవాళ్లకు కనీసం ఈ మాత్రం దక్కింది. సయాం (నేటి థాయ్‌లాండ్), బర్మా మధ్య జపాన్ వేయించిన 415 కిలోమీటర్ల రైలుమార్గం అన్సారీ చనిపోయిన అక్టోబరు నెలలోనే పూర్తయింది. ఆ పనిలో చనిపోయిన యుద్ధఖైదీలకు థాయ్‌లాండ్, మయన్మార్‌లలో వరసలు తీర్చిన సమాధులున్నాయి. మలయా రబ్బరు తోటల నుంచి తీసుకెళ్లిన కూలీలు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువగా చనిపోయారు. వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లకు సైనిక నంబరు లేదు, హాజరు పట్టీ మిగల్లేదు, సమాధీ లేదు. మలేషియాలోని తెలుగు కుటుంబాల్లో పెద్దల నోట విన్న కబుర్లే వాళ్లకు రికార్డు. ఈ వ్యాసం సైనికుడి గురించే గానీ, వాళ్లను ప్రస్తావించకుండా ఆ నెల గురించి రాయడం సరికాదు.

రెండో ప్రపంచ యుద్ధానికి తెలుగు ప్రాంతాల నుంచి వెళ్లినవాళ్లు తక్కువేమీ కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరానికి మిలిటరీ మాధవరమని పేరు వచ్చింది ఊరికే కాదు. మద్రాస్ సాపర్స్ అనే ఇంజనీరింగ్ దళంలో, రవాణా విభాగంలో, వైద్య దళంలో వెళ్లినవాళ్లు ఎందరో. ‘తాత మలయా యుద్ధానికి పోయాడు, మళ్లీ రాలేదు’ అనే మాట ఇప్పటికీ వినిపించే ఇళ్లు ఉన్నాయి. అలాంటి కుటుంబాలు చేయగలిగిన పని ఒకటుంది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ రికార్డులు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. పేరు, రెజిమెంట్, సైనిక నంబరు, చనిపోయిన తేదీ ఉంటాయి. భారతీయ సిపాయిల విషయంలో చాలాచోట్ల తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా రాశారు. పాత పింఛను కాగితాలో, పతకం అంచు మీద చెక్కిన నంబరో ఇంట్లో ఉంటే పని సులువు. లేకపోతే పేరుతోనే వెతకాలి. అప్పటి గుమస్తాలు తెలుగు పేర్లను తమకు వినిపించినట్టు ఇంగ్లీషులో రాశారు కాబట్టి ఒకే స్పెల్లింగ్‌తో వెతికి దొరకలేదని వదిలేయకూడదు. ఇంటిపేరు ముందు పెట్టి, వెనక పెట్టి, అసలు లేకుండా కూడా చూడాలి. ఊరి పేరుకు అప్పటి జిల్లా వేసుకోవాలి, ఎందుకంటే ఆ రికార్డుల్లో ఉండేది మద్రాసు ప్రెసిడెన్సీ నాటి గోదావరి, కృష్ణా, విశాఖపట్నం జిల్లాలో, లేదా హైదరాబాద్ సంస్థానమో.